తాయిలము: పసిబిడ్డల చిఱుతిండి చరిత్ర



రాజుల చరిత్ర యనిన మనకు వేడుక. ఏ రాజు ఏ కోట గట్టెను, ఏ యేట నెవ్వరిని గెలిచెను అని ముప్పది నాలుగేండ్లు పిల్లలచేత నేనును వల్లె వేయించితిని. అయితే ఆ కోటలు గట్టినవారును, ఆ యుద్ధములు చేసినవారును ఒకప్పుడు తల్లి చంక దిగి తడబడు నడకలు నడచిన పసివారే గదా! ఆ వయస్సున వారి చేతిలో నెవరేమి పెట్టిరి, ఏమి తిని వారి యెముకలు గట్టిపడెను అను ప్రశ్నను చరిత్రకారులు చాలకాలము వేయనేలేదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ప్రకటించి, జనుల కూడు, గుడ్డ, ఆట, పాట యనునవియు చరిత్రయే యని తెలుగువారికి చూపిరి. ఆ త్రోవ ననుసరించి నేడొక చిన్న వస్తువును గుఱించి మీతో ముచ్చటింపదలచితిని. అది పాలు మానుచు అన్నమునకు మరగుచున్న బిడ్డల చిఱుతిండి. దానికి తెలుగులో ఒక చక్కని పేరు కలదు: తాయిలము.

మొదట మాటలనే పరికింతము. ఒక జాతి దేనిని ముఖ్యముగా నెంచునో దానికి మాటలెక్కువ యుండును. చంటిబిడ్డకు పట్టునది ఉగ్గు. పట్టెడి పాత్ర ఉగ్గుగిన్నె. కొంచెము పెరిగిన వానికి వ్రేళ్ళ కొనలతో మెదిపి పెట్టునది గోరుముద్ద. వాడు నోరార నడుగునది బువ్వ. నడుమ నడుమ చేతిలో పెట్టునది తాయిలము. చిన్ననాటనే పట్టుపడిన నేర్పును ‘వెన్నతో పెట్టిన విద్య’ యందుము. ‘ఉగ్గుపాలతో వచ్చిన బుద్ధి’ యందుము. తిండియు విద్యయు ఒకే చేతినుండి ఒకే గడియలో బిడ్డకు చేరునని మన పెద్దలు గ్రహించిరనుట కీ మాటలే సాక్ష్యము.

అట్టి తాయిలమను మాట కిప్పుడు పట్టిన గతి చూడుడు. వార్తాపత్రికలలో ‘ఎన్నికల తాయిలములు’ అని వ్రాయుచున్నారు. అనగా నోరు మూయించుట కిచ్చునది, ఆశ చూపి లొంగదీయునది యని యర్థము మాఱినది. ఇండ్లలో జరుగుచున్నదియు నిదియే. బిడ్డ యేడ్చినచో అంగడినుండి మెఱుగు కాగితపు పొట్లము తెప్పించి చేతిలో పెట్టి యూరకుండబెట్టుచున్నాము. ఒకప్పుడు తాయిలము ఆహారము; నేడది లంచము. ఈ మార్పు ఎట్లు వచ్చినది? పూర్వపు తాయిలములో నేమి సారము కలదు? దానిని మరల తెచ్చుకొనవచ్చునా? ఇదియే నేటి ప్రసంగమునకు విషయము.

శాస్త్రములతో నారంభింతును. బిడ్డకు అన్నప్రాశనము ఆఱవ నెలలో చేయవలెనని గృహ్యసూత్రములును మనుస్మృతియు విధించినవి. సుశ్రుతుడును ఆఱవ నెలలోనే తేలికయైన హితమైన అన్నము పెట్టుమనెను. ఈయన బాలురను మూడు తెగలుగా విభజించెను: ఏడాదివఱకు క్షీరపులు, అనగా పాలు మాత్రమే ముఖ్యముగా త్రాగువారు, రెండేండ్లవఱకు క్షీరాన్నాదులు, అనగా పాలును అన్నమును రెండును తీసికొనువారు, ఆపైని అన్నాదులు. కాశ్యపసంహిత యను మఱియొక గ్రంథము కలదు. అది బాలవైద్యమునకే ప్రత్యేకమైనది. నేపాళమున దొరికిన తాటియాకుల ప్రతినుండి 1938లో అచ్చుపడెను. అందు ఆఱవ నెలలో పండ్లరసము రుచి చూపి, అన్నమును పిదప పదియవ నెలలో పెట్టుమని చెప్పబడినది. ఆచార్యుల నడుమ నెలల తేడా యున్నను ఒక సంగతిలో ఏకాభిప్రాయము కలదు: పాలనుండి అన్నమునకు మాఱుట ఒక్కదినమున జరుగునది కాదు, అది యొక వంతెన, ఆ వంతెనను పెద్దలు జాగ్రత్తగా కట్టవలెను.

ఆ వంతెనకు పలకలు పఱచినవాడు వాగ్భటుడు. సుమారు ఏడవ శతాబ్దమునాటి దని పండితు లెంచు అష్టాంగహృదయమున బాలోపచరణమును చెప్పు నధ్యాయము కలదు. పాలు మానిన బిడ్డకు మూడు విధములైన మోదకములు, అనగా ఉండలు, అందు విధింపబడినవి. మొదటిది తృప్తినిచ్చునది: సారపప్పు, యష్టిమధుకము, తేనె, పేలాలు, కలకండ కలిపి చేయునది. రెండవది ఆకలి పుట్టించునది: లేత మారేడు, ఏలకులు, చక్కెర, పేలాలు, సత్తుపిండి. మూడవది విరేచనములను కట్టునది: ధాతకీపుష్పము, చక్కెర, పేలాలు. ఇంచుమించు పదమూడు వందల యేండ్లనాటి పసిబిడ్డల చిఱుతిండి యిది! చదువుకొను దినములలో ఈ భాగమును వల్లించి ముందుకు సాగితిని. మనుమలను ఎత్తుకొన్న పిదపనే దీని విలువ నాకు పట్టుపడినది.

దీనిలోని కిటుకును విప్పి చూతము. మూడింటను పేలాలున్నవి. పేలాలనగా వడ్లను వేడి యిసుకలో వేయించగా పగిలి పూచినవి. వేడికి గింజలోని పిండి విచ్చుకొని, పండ్లు చాలని బిడ్డకు సయితము సులువుగా అరుగును. వేగిన గింజలో తడి యుండదు గనుక త్వరగా బూజు పట్టదు. రెండవది సత్తు. సంస్కృతమున సక్తువనునది తెలుగున సత్తు అయ్యెను. వేయించి విసరిన పిండి యని యర్థము. పొయ్యి రాజేయకయే నీటనో పాలనో కలిపి పెట్టవచ్చును. పొలమునకు పోవు తల్లికి ఇంతకంటె సదుపాయమేమి కలదు? మూడవది సారపప్పు, అనగా క్రొవ్వుగల గింజ. బిడ్డ కడుపు చిన్నది. చిన్నగిన్నెడు నిండిన మఱి పట్టదు. ఆ కొంచెములోనే బలమెక్కువ చేర్పవలెనన్న చమురుగల గింజయే యుపాయము. అన్నిటికంటె ముఖ్యముగా, ఇది నూఱి ఉండగట్టినది. గింజ గింజగా పెట్టినది కాదు. వేయించిన ధాన్యము, నూనెగింజ, కొంచెము తీపి, మెత్తగా నూఱుట: ఈ నాలుగు మాటలను జ్ఞాపకముంచుకొనుడు. మన కథ యంతయు వీని చుట్టే తిరుగును.

ఇక గ్రంథములను విడిచి నేలమీదికి వత్తము. మన దక్కను పీఠభూమిలో సేద్యము చాల పాతది. నాలుగువేల యేండ్ల క్రిందటనే బళ్లారి చెంతనున్న సంగనకల్లు మొదలైన చోట్ల పశువులను కాచుచు కొద్దిపాటి సేద్యము చేసిన జనులు ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱలు వంటి చిఱుధాన్యములు వాడిరని త్రవ్వకములలో దొరికిన మాడిన గింజలు చెప్పుచున్నవి. అనగా చిఱుధాన్యమును పప్పును జతచేసి తినుట ఈ నేలకు వేదశాస్త్రముల పఠనముకంటె ముందే తెలిసిన సంగతి. గింజలో లేని సారము పప్పులో నుండును, పప్పులో కొఱతపడినది గింజలో నుండును. రెండును కలిసిననే మాంసకృత్తులు నిండుగా నమరునని నేటి రసాయనశాస్త్రము చెప్పుచున్నది.

ఈ తెలివి గ్రంథములలో కంటె పండుగలలో పదిలముగా నిలిచినది. మన పండుగల నైవేద్యములను వరుసగా తలచుకొనుడు. శ్రీరామనవమికి నానబెట్టిన పెసరపప్పు, వడపప్పు. వినాయకచవితికి ఆవిరిమీద నుడికిన ఉండ్రాళ్ళు, కుడుములు. వీనికి నూనెమూకుడు అక్కఱలేదు. తెలంగాణమున బతుకమ్మకు సత్తుపిండి. రొట్టెను నలిపి బెల్లమును నెయ్యియు కలిపిన మలీద ముద్దలు. నాగులచవితికి నువ్వులును బెల్లమును దంచిన చిమ్మిలి, దానితో చలిమిడి. నవరాత్రులలో ఉడికించిన సెనగల గుగ్గిళ్ళు. ఇవి దేవునికి చూపునవే గాని తినువారెవరు? ముందుగా చేయి చాచునది పసివాడే. ఏడాదికొకమాఱైన ప్రతి యింటను ఈ వంటలు చేయకతప్పదు గనుక, చదువురాని తల్లియు కూతునకు నేర్పకతప్పదు. శాస్త్రము తాటియాకులలో చెదలు తినిపోయినను ఆచారము రోటిలో బ్రతికియుండెను.

అయితే పూర్వమునుండి వచ్చినదంతయు మార్పులేనిదని యెంచరాదు. రాగులను చూడుడు. రాయలసీమలో రాగులు, కళింగసీమలో చోళ్ళు, తెలంగాణమున తైదలు అని మూడు పేర్లతో పిలుచుకొనుచు మనదే యని చెప్పుకొనుచున్నాము. కాని యది తూర్పు ఆఫ్రికాలోని ఎత్తైన భూములలో పుట్టి, సముద్రము దాటి మన నేలకు వచ్చిన పంట. వేరుసెనగయు నట్టిదే. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసువారి రాకకు పూర్వము మన దేశమున వేరుసెనగ యుండ యనునదే లేదు. నేడు అనంతపురము సీమకు అదియే ప్రధానమైన పంట. వాగ్భటుడు సారపప్పు వేయుమన్నచోట మన యవ్వలు నువ్వులు వేసిరి, పిదప వేరుసెనగ వేసిరి. వస్తువు మాఱెను గాని సూత్రము మాఱలేదు. సంప్రదాయమనగా ఇదియే: పాత్రలు మాఱుచుండును, పాకము నిలుచును.

అట్లు నిలిచిన పాకమునకు దెబ్బ యెప్పుడు తగిలెను? ఇందులో ఒక వింత కలదు: దెబ్బ కఱవువలన గాక సమృద్ధివలన వచ్చెను. గోదావరిమీద ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియయ్యెను. కృష్ణమీద బెజవాడ ఆనకట్ట 1855నాటికి సిద్ధమయ్యెను. డెల్టాలలో వరి సముద్రమువలె పండెను. పిమ్మట మరలు వచ్చెను. రోకటి పోటుతో నడుములు విఱిగిన స్త్రీలకు మర గొప్ప యుపకారమే చేసినదనుట సత్యము. దానిని నిందించుట న్యాయము కాదు. కాని మర తవుడును పూర్తిగా తీసివేసి గింజను మల్లెపూవువలె తెల్లచేసెను. తెల్లని బియ్యము తినుట గొప్పతనమయ్యెను; జొన్న, రాగి, కొఱ్ఱ పేదకూడయ్యెను.

ఫలము త్వరలోనే కనబడెను. ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి యను రోగము వ్యాపించెను. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరుపట్టి, గుండె బలహీనపడు జబ్బిది. తల్లికి ఈ లోపమున్నచో పాలు త్రాగు బిడ్డకును ఆపద కలుగును. 1918 ప్రాంతమున నీలగిరులలోని కూనూరులో మెక్కారిసన్ అను వైద్యుడు ఈ రోగమును గుఱించి పరిశోధన మొదలిడెను. తవుడుతో పోయిన విటమినే దీనికి ముఖ్యకారణమని తేలెను. తమిళదేశమున ఉప్పుడు బియ్యము తినువారిలో ఇది అరుదు. ఏలయనగా వడ్లను ఉడికించి యెండబెట్టునప్పుడు తవుటిలోని సారము కొంత గింజలోనికి దిగును. ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందెను.

రెండవ దెబ్బ డబ్బాలనుండి వచ్చెను. 1867లో స్విట్జర్లండు దేశమున హెన్రీ నెస్లే యనునతడు పాలు, గోధుమపిండి, చక్కెర కలిపి పసిబిడ్డల పిండిని చేసి యమ్మజొచ్చెను. తల్లి లేని బిడ్డకు అట్టిది ప్రాణాధారమే కావచ్చును. కాని కాలక్రమమున డబ్బాలో నున్నదే నాగరికమైనదనియు, రోటిలో నున్నది మోటుదనియు నమ్మిక పట్టణములనుండి పల్లెలకు పాకెను. వెనుకనే బిస్కత్తు వచ్చెను, తేనీరు వచ్చెను. ప్రకటనలతో తల్లుల మనస్సు మాఱ్చుట అంతకంత కెక్కువకాగా, మన ప్రభుత్వము 1992లో ఒక చట్టము చేసి పసిబిడ్డల పాలపొడులకును పాలసీసాలకును ప్రకటనలు చేయరాదని నిషేధించెను. చట్టము వచ్చెను గాని అలవాటు పోలేదు.

ఇచ్చట పాతదానిని పొగడుటయే నా పని యని తలపకుడు. పండితుడైనవాడు గుణముతోపాటు దోషమును చెప్పవలెను. మన పూర్వాచారములో హానికరమైనవియు కలవు. మొదటిది, మగబిడ్డకు సరినెలలోను ఆడుబిడ్డకు బేసినెలలోను అన్నప్రాశనమనుచు కొందఱి విషయమున తొందరపడుట, కొందఱి విషయమున ముహూర్తము కుదరలేదని ఏడాదివఱకు జాగుచేయుట. ఆడుబిడ్డయైనను మగబిడ్డయైనను ఆఱు నెలలు నిండువఱకు తల్లిపాలే చాలుననియు, నిండినతోడనే మెత్తని యాహారము మొదలుపెట్టవలెననియు నేటి వైద్యుల నిర్ణయము. రెండవది ‘లంఖణము పరమౌషధ’మను సామెతను పసివానికి ప్రయోగించుట. విరేచనములగు బిడ్డను పస్తుంచినచో జబ్బుకంటె పస్తే ముందు చంపును. పాలును, మెత్తని జావయు మానక పెట్టుచు నీరు తగ్గకుండ చూచుకొనవలెను. మూడవది తేనె. ఏడాది నిండని శిశువునకు తేనె నాకించుట అపాయమని 1976 తరువాత వైద్యులు కనుగొనిరి. అందలి యొక సూక్ష్మజీవి పసిపేగులలో విషము పుట్టించి కండరములను చచ్చుపఱుచును. వాగ్భటుడు తేనెయుండను చెప్పినది పాలు మానిన బిడ్డకని గుర్తుంచుకొనవలెను. నాలుగవది మిక్కిలి సిగ్గుపడదగినది: పెరుగును నెయ్యియు కొడుకు గిన్నెలో వేసి కూతురు గిన్నెను మఱచుట. నా తరగతిలో బల్లకు తల యాన్చి నిద్రపోయిన పిల్లలలో బాలిక లెక్కువగా నుండుట నేను కన్నులార చూచితిని.

ఇక పాతదానిని క్రొత్తది మరల కలిసికొన్న కథ చెప్పెదను. 1930 తరువాత పశ్చిమాఫ్రికాలో సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు ఒక జబ్బును వర్ణించెను. బిడ్డ ఒడలు ఉబ్బును, వెండ్రుకలు ఎఱ్ఱబాఱును, ముఖము నవ్వు మఱచును. అచ్చటి ప్రజలు దానిని క్వాషియోర్కర్ అనిరి. వెనుక బిడ్డ పుట్టగా తల్లి రొమ్ము విడిచిన ముందు బిడ్డకు వచ్చు జబ్బని దాని భావము. చూచితిరా! సుశ్రుతుడు క్షీరాన్నాదుడన్న బిడ్డయే, వాగ్భటుడు ఉండ చేసిపెట్టుమన్న బిడ్డయే ఈ బిడ్డ. వంతెన కట్టని చోట పడినవాడు వీడు.

మన దేశమునను ఈ జబ్బు విస్తారముగా నుండెను. హైదరాబాదు సంస్థకు నాయకుడైన గోపాలన్ అను వైద్యుడును ఆయన సహచరులును పరిశోధించి, మన బిడ్డలకు కొఱతపడినది ఒక్క మాంసకృత్తులే కాదు, మొత్తము తిండియే చాలుట లేదని వాదించిరి. ఖరీదైన మందుపొడు లక్కఱలేదు; ఇంటనున్న గింజలనే తగుపాళ్ళలో కలిపి, మాటిమాటికి పెట్టిన చాలుననిరి. ఆ సంస్థనుండి వెలువడిన పిండి ‘హైదరాబాదు మిశ్రమము’ అను పేర ప్రసిద్ధికెక్కెను. దాని పాళ్ళివి: గోధుమలు 40 గ్రాములు, వేయించిన సెనగపప్పు 16 గ్రాములు, వేయించిన వేరుసెనగ 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు. మొత్తము 86 గ్రాములు. ఇంచుమించు 330 కేలరీల శక్తి. వేయించిన ధాన్యము, నూనెగింజ, తీపి, మెత్తగా విసరుట: ఆ నాలుగు మాటలే మరల వచ్చినవి! పప్పు ఒక్కటి అదనముగా చేరినది. అదియు మన సత్తుపిండిలో నున్నదే. పరిశోధనాలయము నడచి నడచి మన యవ్వ రోటియొద్దకే చేరినది.

1975 అక్టోబరు 2వ తేదీన కేంద్రప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకమును 33 ప్రాంతములలో నారంభించెను. మన గ్రామములందలి అంగనవాడీలు దాని ఫలమే. అచ్చట ఏడు నెలలు మొదలు మూడేండ్లవఱకు బిడ్డల కిచ్చు ‘బాలామృతము’ అను పిండిలో వేయించిన గోధుమ, సెనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర యుండును. తీపి కొంచె మెక్కువయే గాని కూర్పు ఆ వంశములోనిదే. అయినను నే నెఱిగిన కొన్ని యిండ్లలో ఈ పిండి పొట్లము గేదె కుడితిలో కలియుటయు, బిడ్డ చేతికి బిస్కత్తు చేరుటయు చూచి నొచ్చుకొంటిని.

ఫలితము లెక్కలలో కనబడుచున్నది. 2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆఱు నెలలకు పైబడి అయిదేండ్లలోపు పిల్లలలో దేశము మొత్తముమీద నూటికి 67 మందికి రక్తహీనత కలదు. ఆంధ్రప్రదేశములో నూటికి 63 మంది. తెలంగాణములో నూటికి 70 మంది. ఆనకట్టలు కట్టితిమి, ధాన్యరాసులు పోసితిమి. అయినను ప్రతి మువ్వురు బిడ్డలలో ఇద్దఱి నెత్తురు పలుచగానున్నది. రెండేండ్లలోపు చిక్కిన బిడ్డ పిదప పెరిగినను ఆ కొఱత పూర్తిగా తీరుట కష్టము. బడిలో చేరిన తరువాత మావంటి యుపాధ్యాయులు చేయగలిగినది కొంచెమే. అసలు పాఠశాల మీ వంటిల్లు.

కావున ఆచరణకు వచ్చు సంగతులు కొన్ని చెప్పెదను. ఏడాది దాటిన బిడ్డకు తల్లిపాలతోపాటు దినమునకు మూడు నాలుగు మాఱులు అన్నమును, నడుమ ఒకటి రెండు మాఱులు తాయిలమును పెట్టవలెనని వైద్యులు చెప్పుదురు. అనగా తాయిలము విలాసము కాదు. లెక్కలో చేరిన భోజనము.

మొదటిది సత్తుపిండి. రాగులు గాని జొన్నలు గాని బియ్యము గాని రెండు పాళ్ళు, పెసరపప్పు గాని వేయించిన సెనగపప్పు గాని ఒక పాలు, నువ్వులు గాని వేరుసెనగ గాని కాలుపాలు. వేఱువేఱుగా దోరగా వేయించి మెత్తగా విసరి, మూత బిగియు డబ్బాలో నుంచుడు. కాచిన గోరువెచ్చని పాలతోనో, మెదిపిన అరటిపండుతోనో కలిపిన తాయిలము సిద్ధము. రాగులలో నూఱు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. పొట్టుతోనున్న నువ్వులలో వెయ్యికి మించి యున్నది. మరబియ్యములో పదికి మించదు. ఎముకకు ఏది కావలెనో మీరే యెంచుకొనుడు.

రెండవది మొలకల జావ. రాగులను రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలక తొంగిచూచిన పిదప నీడన ఆఱబెట్టి, కొంచెము వేయించి విసరవలెను. మొలకెత్తునప్పుడు గింజలో పుట్టు ద్రవ్యము పిండిని కరగించును. అందువలన ఎక్కువ పిండి వేసినను జావ చిక్కబడక బిడ్డ సులువుగా మ్రింగును. మూడవది ఆకు చేర్చిన కుడుము. బియ్యపురవ్వలోను పెసరపప్పులోను సన్నగా తరిగిన లేత మునగాకు కలిపి యావిరిమీద ఉడికించుడు. రేచీకటి పిల్లల కన్నులను పాడుచేయుచుండగా 1970లో దేశమంతట విటమిను ‘ఏ’ చుక్కల పథకము పెట్టవలసివచ్చినది. ఆ విటమినును మన శరీరము మునగాకునుండియు, బొప్పాయినుండియు, మామిడిపండునుండియు చేసికొనును. నాలుగవది ఉడికించి పొట్టుదీసి మెదిపిన చిలగడదుంప. అయిదవది మెత్తగా నలిపిన బొబ్బర్ల గుగ్గిళ్ళు. నాలుగు నిమ్మచుక్కలు పిండినచో అందలి ఇనుము బాగుగా వంటబట్టును. ఆచారమున్న యిండ్లవారు ఉడికిన గ్రుడ్డును నలిపి పెట్టవచ్చును. నా యాచారము వేఱైనను బిడ్డకు మేలైనదానిని కాదనుటకు నాకధికారము లేదు.

నాలుగు నిషేధములును చెప్పవలెను. వేరుసెనగపలుకులు, వేయించిన సెనగలు, గట్టి యుండలు నాలుగైదేండ్లలోపు పిల్లలకు గింజగా పెట్టకుడు. గొంతున పడినచో ప్రాణాపాయము. అందులకే వాగ్భటుడు నూఱుమనినది. రెండేండ్లు నిండువఱకు చక్కెర గాని బెల్లము గాని చేర్పకుండుట మేలు, పండుతీపి చాలును. ఆపైని బెల్లమైనను మితముగానే వాడుడు. పసివానికి తేనీరు పోయకుడు. అది తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనీయదు. తినననిన బిడ్డ నోట బలవంతముగా కుక్కకుడు. కథ చెప్పుచు, చందమామను చూపుచు పెట్టుడు. గోరుముద్దకు మన యవ్వలు పాటను జతచేసినది ఇందులకే.

పెద్దలారా! పొలమునకో కూలికో పోయిన తల్లిదండ్రులు సాయంకాలము వచ్చువఱకు ఇంట బిడ్డయొద్ద నుండువారు మీరే. జేబులోని పది రూపాయలు తీసి అంగడికి పంపు చేయియు మీదే. డబ్బా మూత తీసి పిండి కలుపు చేయియు మీదే కావచ్చును. వంట స్త్రీల పని యని తాతలు తప్పించుకొనరాదు. సత్తుపిండి కలుపుటకు పొయ్యి యక్కఱలేదు, పాండిత్యము నక్కఱలేదు. పదమూడు వందల యేండ్లుగా తాటియాకులోను, రోటిలోను, పండుగలోను, పరిశోధనాలయములోను చెడక నిలిచిన యీ సూత్రము మన తరములో పొట్లపు కాగితము క్రింద మఱుగుపడరాదు. తాయిలమను మాటకు లంచమను నర్థము పత్రికలవారు ఇచ్చిన నిత్తురు గాక. మన యిండ్లలో మాత్రము అది మరల ఆహారమగుగాక యని కోరుచు విరమించెదను.